పడుగూ పేకా

భువనగిరి అనగానే ఎవరి మనస్సులోనైనా మొదట మెదిలేది కోట. పశ్చిమ చాళుక్య ప్రభువు త్రిభువనమల్ల విక్రమాదిత్యుని పేరిట త్రిభువనగిరి అయి, కాలక్రమంలో భువనగిరిగా వ్యవహారంలో నిలిచిన ఆ ఏకశిల, కాజీపేట వైపు రైలులో పోయేవారికి కిటికీలో నుండి కూడా కనిపిస్తుంది. విహారయాత్రకు వచ్చిన విద్యార్థులు మెట్లెక్కి, పైనున్న శిథిలాలను చూసి, గాలికి కాసేపు నిలిచి, దిగి వెళ్లిపోతారు. కొండ కింది వీధులలోకి వెళ్లవలసిన పని వారికి ఉండదు. ఆ వీధులలో కొన్నింట తెల్లవారకముందే మగ్గం చప్పుడు మొదలవుతుంది. వెనుకటి రోజులలో వాడ వాడంతా ఒక్కటై మోగిన ఆ చప్పుడు నేడు అక్కడొక ఇంట, ఇక్కడొక ఇంట వినిపించే స్థితికి వచ్చింది. అయినా వినిపిస్తున్నది.

అటువంటి ఒక ఇంటి దంపతుల ముచ్చట ఇది. వారి పేర్లతో పని లేదు. భువనగిరిలోనే కాదు, పోచంపల్లిలోనో, కొయ్యలగూడెంలోనో, సిరిపురంలోనో, వెల్లంకిలోనో, పుట్టపాకలోనో ఏ నేతవాడలో తలుపు తట్టినా ఇటువంటి జంట ఎదురుపడుతుంది. భర్తకు యాబై దాటినవి. భార్య ఆయన కంటె ఆరేడేళ్లు చిన్నది. కొడుకు రోజూ రైలులో సికింద్రాబాదుకు వెళ్లి, ఒక ప్రైవేటు కంపెనీలో పనిచేసి, రాత్రి రైలులో తిరిగి వస్తాడు. బిడ్డ డిగ్రీ చదువుతున్నది. ఇంటిలో గదులు మూడు. వాటిలో పెద్దది మగ్గానిది. మనుషుల కోసం కట్టిన ఇంటిలో మగ్గం ఉన్నదనడం కంటె, మగ్గం కోసం కట్టిన ఇంటిలో మిగిలిన జాగాలో మనుషులు సర్దుకొన్నారనడమే సబబు.

ఈ కాలంలో భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలు చేసే ఇళ్లలో ఒక మాట తరచుగా వినిపిస్తుంది: ‘ఆఫీసు పని ఇంటికి వచ్చింది’ అని. నేత ఇంటిలో పని ఎక్కడినుండో రాదు, అక్కడే ఉంటుంది. ఉదయం నాలుగున్నరకు ఇల్లాలు లేచి, వాకిలి ఊడ్చి, చల్లి, నల్లా నీళ్లు పట్టి, పొయ్యి ముట్టిస్తుంది. అన్నం ఉడికేలోపల రాట్నం ముందు కూర్చుండి నాలుగు కండెలు చుడుతుంది. భర్త చాయ తాగి గుంటలోకి కాళ్లు దింపుతాడు. గుంట మగ్గం అది. నేతగాడు నేలమీద కూర్చుండగా, తొక్కుడు కట్టెలను ఆడించే పాదాలు మాత్రం నేలలో తవ్విన గుంటలో ఉంటాయి. నాడె అటునుండి ఇటు, ఇటునుండి అటు పరుగెడుతుంది. కండె అయిపోతే ‘ఇగో’ అన్న ఒక్క పిలుపు చాలును. ఆమె పప్పు తిరగమోత వేస్తున్న చేతిని కొంగుకు తుడుచుకొని వచ్చి కొత్త కండెల బుట్ట పక్కన పెట్టిపోతుంది. నూనె మరక ఒక్కటి పట్టు మీద పడితే కూలిలో కోత పడుతుంది. ఆ సంగతి ఆమెకు తెలుసు గనుక కొంగు తుడుపుతో తృప్తిపడక, మళ్లీ ఒకసారి సబ్బుతో కడుక్కొంటుంది. రోజులో ఆమె చేతులు ఎన్నిసార్లు కడుక్కొంటుందో ఎవరూ లెక్కించలేదు.

ఈ ఇంటి కాలమానం వేరు. గోడకు క్యాలెండరు వేలాడుతూనే ఉంటుంది. దానిమీద గ్యాసు బండ వచ్చిన తేదీ, పాలవాని లెక్క, బిడ్డ పరీక్షల తేదీలు రాసి ఉంటాయి. కాని ఇల్లు నడిచేది మాత్రం పడుగును బట్టి. పోచంపల్లి పద్ధతి పట్టుచీరలకు ఒక పడుగు ఎక్కిస్తే అందులో ఏడు చీరలు దిగుతాయి. కొందరు ఎనిమిదింటికి కూడా ఎక్కిస్తారు. నూలు నానబెట్టింది మొదలు ఆఖరు చీర కోసేదాకా ఇంటిల్లిపాదీ పనిచేస్తే నెలన్నర పడుతుంది. పడుగు అయిపోయిన తరువాత కొత్త పడుగు పోగులను పాత కొసలతో ఒక్కొక్కటిగా మెలివేసి అతకాలి. ఆ పనికి వేరే మనిషి వస్తాడు. ఈ రెండింటి నడుమ మూడు రోజులో నాలుగు రోజులో మగ్గం ఖాళీగా ఉంటుంది. ఇంటిలోని సకల కార్యాలూ ఆ నాలుగు రోజులలోనే జరిగిపోవాలి. కప్పు కారడం మాన్పించడం, గోడకు సున్నం కొట్టడం, పంటి డాక్టరు దగ్గరకు పోవడం, గుట్టకు వెళ్లి నరసింహస్వామిని దర్శించడం, చుట్టాల ఇంటి చావుకు పోలేకపోయినందుకు పదిహేను రోజుల తరువాత పలకరించి రావడం, అన్నీ ఆ సందులోనే. ‘ఈ పడుగు కానీ’ అన్నమాట ఆ ఇంటిలో వినిపించినన్నిసార్లు మరే మాటా వినిపించదు. సగం పనిలో మగ్గాన్ని వదలి పోవడం ఎందుకు కుదరదని ఎవరైనా అడగవచ్చు. కుదరదని కాదు, వదిలిన ప్రతి దినానికీ కూలి లేదు. ఇచ్చిన గడువు దాటితే చీర ధర కూడా తగ్గవచ్చు.

ఆ దంపతులు ఏళ్ల తరబడి తలపెట్టి, ఈ సందులలో ఇమడక వాయిదా వేస్తూ వచ్చినవి రెండున్నవి.

మొదటిది ఇంటిపని. మగ్గం గదికి మీద రేకులు. వేసవిలో మధ్యాహ్నం ఆ గదిలో కూర్చుండడం కుంపటి పక్కన కూర్చుండడమే. పంకా పెట్టుకొందామంటే గాలికి పోగులు చెదరుతాయి. వానకాలంలో బాధ వేరు. వీధి నీరు గడప దాటి వస్తుంది, కొంత నేలలో నుండి కూడా ఊరుతుంది. రెండు పెద్ద వానలు కురిస్తే గుంటలో జానెడు నీళ్లు. చెంబుతో తోడి పారబోసి, గోనె పరచి, మళ్లీ కూర్చుంటాడాయన. తడి పట్టిన పడుగు బిగువు సడలుతుంది. పోగు తెగుతుంది. రేకులు తీయించి స్లాబు వేయించాలనీ, గది నేలను మూరెడు ఎత్తు లేపి, గుంటకు చుట్టూ రాతికట్టు కట్టించాలనీ భర్త కోరిక. మేస్త్రీతో మాట్లాడినాడు. కొలతలు తీసుకొన్న కాగితం దేవుని పటం వెనుక భద్రంగా ఉన్నది.

రెండవది ప్రయాణం. భార్యకు ఒక్కతే అక్క. ఆమెను సోలాపూరు ఇచ్చినారు. నల్లగొండ, పాలమూరు, కరీంనగరు, ఓరుగల్లు ప్రాంతాల నుండి పద్మశాలీలు కరువు కాలాలలో బొంబాయి, భివండి, సూరతు, సోలాపూరు దారులు పట్టిన చరిత్ర వందేళ్లకు పైబడినది. సోలాపూరు తూర్పు భాగపు వీధులలో నేటికీ తెలుగు వినిపిస్తుంది. మార్కండేయుని పేరు ఆ వీధులలో తరచుగా కనిపిస్తుంది. తెలంగాణ ఇళ్లలో చలికాలం కప్పుకొనే సోలాపూరు దుప్పట్లు ఆ వలసపోయిన చేతులు నడిపిన మరమగ్గాల మీద నేసినవే చాలావరకు. భువనగిరి నుండి సికింద్రాబాదు, అక్కడినుండి వాడి, కలబురగి మీదుగా రైలు. మొత్తం నాలుగు వందల కిలోమీటర్లకు కొంత తక్కువ. ఒక రాత్రి ప్రయాణం మాత్రమే. అయినా అక్కను చూసి ఆమెకు తొమ్మిదేళ్లయింది. తల్లి పోయిననాడు అక్కయే వచ్చింది. చెల్లెలు మాత్రం ఆ గడప తొక్కలేదు. ప్రతి పడుగుకూ ముందు ‘ఈసారి పోదాం’ అనుకోవడం, పడుగు పూర్తి అయ్యేసరికి ఆ నాలుగు రోజులను మరొకటి మింగివేయడం.

ఇక మూడవది ఒకటున్నది. దానిని ఎవరూ తలపెట్టలేదు, అది తనంత తానుగా వచ్చి కూర్చున్నది. ఆమె కుడి భుజపు నొప్పి.

ఆ నొప్పి ఎక్కడిదో తెలియాలంటే ఆసు అంటే ఏమిటో తెలియాలి. పోచంపల్లి చీరకు ఆ పేరు తెచ్చిన అందం నేతలో కంటె ముందు, నూలులోనే పుడుతుంది. తక్కిన చీరలలో రంగుపోగులను నేస్తూ పువ్వును కూరుస్తారు. ఇక్కడ పువ్వు ముందే పోగులకు అద్దబడి ఉంటుంది. గ్రాఫు కాగితం మీద గీసిన నమూనాను బట్టి పేక పోగులకు గుర్తులు పెట్టి, రంగు తగలకూడని చోట సైకిలు ట్యూబు రబ్బరు పీలికలతో బిగించి కట్టి, రంగులో ముంచుతారు. విప్పి, మరొకచోట కట్టి, మరొక రంగులో ముంచుతారు. అంచుల వద్ద ఒక రంగు మరొక రంగులోకి లీలగా జారినట్లుండే మసక ఈ పద్ధతికే చెల్లినది. ఇదంతా జరగడానికి ముందు పేక నూలును చీర వెడల్పుకు సరిపోయేటట్లు లెక్క ప్రకారం పరచుకోవాలి. అందుకు ఒక చట్రం. దానికి ఒకవైపు నడుమ ఒక మేకు, ఎదురుగా అర్ధచంద్రాకారంలో వరుసగా మేకులు. నడిమి మేకునుండి పోగును తీసుకొనిపోయి వరుసలో ఒకదానికి చుట్టి వెనుకకు తేవాలి, మళ్లీ పక్కదానికి పోవాలి, మళ్లీ రావాలి. దీనినే ఆసు పోయడం అంటారు. ఒక చీరకు సుమారు తొమ్మిది వేలసార్లు చేయి అటూ ఇటూ ఆడుతుంది. నాలుగైదు గంటల పని. ఒక్కొక్క విసురు మీటరు మాత్రమే అనుకొన్నా ఆ చేయి తొమ్మిది కిలోమీటర్లు నడిచినట్లు. ఏడు చీరల పడుగుకు అరవై మూడు కిలోమీటర్లు. భువనగిరి నుండి హైదరాబాదుకు యాబై కిలోమీటర్ల దూరం కూడా లేదు.

‘ఆసులో కండె తిరిగినట్లు’ అని తెలుగులో ఒక పలుకుబడి ఉన్నది. క్షణం నిలువక తిరిగే మనిషిని గురించి అలా అంటారు. చక్కని ఉపమానమే. అయితే ఆ ఉపమానంలో కండె ఒక్కటే తిరుగుతున్నట్లుంటుంది, దానిని తిప్పే చేయి కనిపించదు. మాటలకు అది సహజమే కావచ్చు. సంస్కృతంలో తంతువు, తంత్రము అనే రెండు మాటలూ సాగదీయడం అనే అర్థం గల ఒకే ధాతువు నుండి పుట్టినవి. తంత్రమంటే మగ్గమనే అర్థం కూడా ఉన్నది. తరువాతి కాలంలో ఆ మాట పాలనకూ, శాస్త్రానికీ, మంత్రానికీ తోడైపోయి, మగ్గం దానిలో నుండి జారిపోయింది.

ఆసు పోసేది ఎక్కువగా ఇంటి ఆడవారు. మగ్గం మీద కూర్చున్నవానిని నేతగాడని లోకం పిలుస్తుంది. ఆసు పోసే ఆమెకు వేరే పేరు లేదు, ఆమె నేతగాని భార్య. 2019-20 నాటి అఖిల భారత చేనేత గణన ప్రకారం దేశంలో నేత పనివారు, దాని అనుబంధ పనివారు కలిసి 35.22 లక్షల మంది. అందులో నూటికి 72 మందికి పైగా స్త్రీలే. ఈ అంకె చూసి ఆశ్చర్యపడేవారు నేత ఇంటి లోపలికి ఎన్నడూ వెళ్లనివారే అయి ఉండాలి.

ఇదే జిల్లాలో, ఆలేరు మండలం శారాజీపేటలో, ఈ చేతిని గమనించిన పిల్లవాడు ఒకడుండేవాడు. చింతకింది మల్లేశం. ఆరవ తరగతితోనే బడి మాని మగ్గం ఎక్కవలసి వచ్చిన ఆయన, తల్లి లక్ష్మి ఆసు పోసి పోసి భుజాల నొప్పితో మూలుగుతుండగా వింటూ పెరిగినాడు. ఆ చేతి ఆటను యంత్రం చేత చేయించాలని 1992లో పూనుకొన్నాడు. ఏళ్ల తరబడి అప్పులు, అపజయాలు, ఇరుగుపొరుగు వారి ఎగతాళి. నగరంలో కూలికి పనిచేస్తున్న కాలంలో బాలానగర్‌లోని ఒక కర్మాగారంలో యంత్రం కదలికను చూసి, చిక్కిన ముడి విడిపోగా, 1999లో తన యంత్రాన్ని పూర్తి చేసినాడు. నాలుగైదు గంటల పని గంటన్నరలో తేలిపోయింది. దానికి తల్లి పేరే పెట్టి లక్ష్మీ ఆసు యంత్రం అన్నాడు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2019లో ఆయన కథ చలనచిత్రమైంది. ఆ సినిమాను మన దంపతులు టీవీలో చూసినారు. భార్య సగంలో లేచి లోపలికి పోయి, కండెలు చుట్టుకొంటూ కూర్చున్నది. పని ఉన్నదని చెప్పింది.

యంత్రం కొందామన్న మాట ఆ ఇంటిలో అంతకుముందే వచ్చి పోయింది. భర్త చెడ్డవాడు కాడు. ఆయన లెక్క వేరు. స్లాబు వేస్తే వానకాలంలో కూడా మగ్గం నడుస్తుంది, మగ్గం నడిస్తేనే ఇల్లు నడుస్తుంది. యంత్రం లేకపోయినా ఆసు ఆగడం లేదు గదా! పైగా చేతిలో సొమ్ము ఎప్పుడున్నది? సొమ్ము వచ్చిన సంవత్సరం రానే వచ్చింది. నేత పనివారి కూలిలో నూటికి ఎనిమిది వంతులు వారు పొదుపు చేస్తే ప్రభుత్వం పదహారు వంతులు కలిపే పథకం ఒకటి 2017లో రాష్ట్రంలో మొదలైంది. ఆ పొదుపు గడువు తీరి సొమ్ము బ్యాంకులో పడినది. దానిలో ఒకటి మాత్రమే అవుతుంది, రెండు కావు. మేస్త్రీ కాగితం దేవుని పటం వెనుకనుండి బయటకు వచ్చింది. సరిగా ఆ వారంలోనే సోలాపూరు నుండి అక్క ఫోను చేసింది.

“చెల్లె, పిల్ల పెండ్లి ఖాయమైంది. నువ్వు రాకుంటే నేను తలువాలు పొయ్యనియ్య” అన్నది ఆమె. మరాఠీ గాలి సోకినా ఆ గొంతులో భువనగిరి యాస చెక్కుచెదరలేదు.

భార్య ఫోను పెట్టి, మగ్గం గది గడపలో నిలుచుండి, “ఏమయ్యా, అక్క బిడ్డ పెండ్లికన్న పోదామా?” అని అడిగింది.

“పోదాం. ఎన్ని రోజులున్నది?”

“ఇర్వై రెండు.”

ఆయన దోనెకు చుట్టి ఉన్న బట్టను చేతితో తడిమి చూసినాడు. నాలుగు చీరలు అయినవి. ఐదవది నడుస్తున్నది. మిగిలిన రెండింటికీ పేక ఇంకా ఆసు మీదికే రాలేదు. “ఆసు జల్ది కావాలె మరి” అన్నాడు. అది ఆజ్ఞ కాదు, నిష్ఠురం కాదు. వంటకు ఉప్పు కావాలన్నంత మామూలు మాట.

ఆమె మరునాడే ఆసు ముందు కూర్చున్నది. ఆరవ చీర సగంలో ఉండగా చేయి పైకి లేవలేదు. లేపబోతే కళ్లలో నీళ్లు తిరిగినవి. డాక్టరు చూసి, మందులు రాసి, ఆ చేతికి పట్టీ కట్టి మెడకు వేలాడవేసి, మూడు వారాలు కదిలించవద్దన్నాడు. తిరుగుదారిలో ఆటోలో ఇద్దరూ మాట్లాడుకోలేదు. ఒకరికి పెండ్లి తేదీ, మరొకరికి చీరల గడువు మనస్సులో మెదులుతుండి ఉండాలి. ఎవరికి ఏది అన్నది చెప్పడం కష్టం.

ఆ రాత్రి భోజనాల తరువాత భర్త ఆసు ముందు కూర్చున్నాడు. ముప్పై ఏళ్లకు పైగా ఆ చట్రం పక్కనుండే మగ్గం దగ్గరకు నడిచినవాడు, దాని ముందు కూర్చోవడం అదే మొదలు. చూచినంత సులువుగా లేదు. పది నిమిషాలు బాగానే సాగింది. అరగంటకు మెడ వెనుక నరం లాగినది. పోగు వేలిని కోసింది. ఒక మేకును దాటవేసి తరువాతి దానికి చుట్టినాడు. చాప మీద పడుకొని ఉన్న ఆమె అటు తిరిగి చూడకుండానే, “ఒకటి తప్పింది, ఎనుకకు రా” అన్నది. చప్పుడును బట్టి పసిగట్టింది కాబోలు. విప్పి మళ్లీ మొదలుపెట్టినాడు. గంటన్నర గడిచేసరికి పదోవంతు కూడా కాలేదు. ఆయన లేచి, వాకిట్లోకి పోయి, చాలాసేపు అరుగు మీద కూర్చున్నాడు. కోట మీది చీకటిలో ఏమి చూసినాడో తెలియదు.

తెల్లవారి ఆయన నూలు సంచిలో పెట్టుకొని నాలుగిళ్ల అవతలికి వెళ్లినాడు. అక్కడ ఆసు యంత్రం ఉన్నది. కూలికి పోసి ఇస్తారు. ఆ ఇంటి కోడలు నూలు ఎక్కించి, మీట నొక్కి, చంకలోని పిల్లవానికి అన్నం తినిపిస్తూ నిలుచున్నది. యంత్రపు చేయి అలవోకగా పోయి వస్తున్నది. మధ్యాహ్నానికి రెండు చీరల ఆసు సంచిలో తిరిగి ఇంటికి వచ్చింది. కట్టు కట్టే పనికి బిడ్డ కూర్చున్నది. పెండ్లికి నాలుగు రోజుల ముందు ఏడవ చీర దిగింది.

చీరలు అప్పజెప్పి వచ్చిన సాయంత్రం ఆయన ఆమె పక్కన కూర్చుండి, “గింత నొస్తుంటే ఇన్నేండ్ల సంది ఒక్కనాడన్న చెప్పకపోతివి” అన్నాడు.

“చెప్పిన” అన్నది ఆమె. కాసేపాగి, “గుంటల నీళ్లొస్తే మగ్గం ఆగుతది. నా చెయ్యి నొస్తే ఏది ఆగింది? అందుకే నీకు ఇనపడలే” అన్నది.

ఆ మాటలో కోపం లేదు. ఏ పని లేకపోతే ఏది ఆగుతుందో దానిని బట్టియే ఇంటిలో పనులకు విలువ కట్టడం అందరి ఇళ్లలోనూ ఉన్నదే. ఆగకుండా నడిపించినవారి పని ఆ లెక్కలోకి రాదు. మగ్గం ఉన్న ఇంటిలోనే కాదు, ఉదయం తొమ్మిదికి ఇద్దరూ స్కూటరెక్కి ఆఫీసులకు పోయే ఇంటిలో కూడా అంతే. పోచంపల్లి నేతకు 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2021లో ఐక్యరాజ్య సమితి పర్యాటక సంస్థ పోచంపల్లిని ఉత్తమ పర్యాటక గ్రామాలలో ఒకటిగా ఎంచింది. అక్కడికి వచ్చే యాత్రికులు మగ్గం ముందు నిలిచి ఫొటో తీసుకొంటారు. నాడె పరుగు చూడముచ్చటగా ఉంటుంది, కాదనలేము. ఆసు చట్రం ముందు ఫొటో దిగినవారు అరుదు.

మేస్త్రీకి ఫోను పోయింది. స్లాబు పని వచ్చే ఏటికి జరిగింది. గడప ముందు రెండు వరుసల ఇటుకలతో కట్టవేసి, వీధి నీటిని పక్క కాలువలోకి మళ్లించే పని భర్త, కొడుకు కలిసి ఒక ఆదివారం పూర్తి చేసినారు. కట్ట కొంచెం వంకరగా వచ్చింది. రేకుల సందులకు తారు పట్టీలు అతికించినారు. ఈ ఏర్పాటు ఎన్ని వానలకు ఆగుతుందో ఆ వానకాలమే చెప్పాలి. యంత్రానికి బయానా కట్టినారు. మిగిలిన దానితో పెండ్లి కట్నానికి ఒక చీర కొన్నారు. తాము నేసిన చీరను తామే కొనవలసి రావడం నేత ఇళ్లలో కొత్త కాదు. పట్టు, రంగు, నమూనా షావుకారివి అయినప్పుడు చేతి పని మాత్రమే తమది. షావుకారు నేసినవారన్న మర్యాదతో కొంత తగ్గించి ఇచ్చినాడు.

సికింద్రాబాదులో రాత్రి రైలు ఎక్కినారు. ఆమెకు కిటికీ పక్కన చోటు దొరికింది. పట్టీ ఇంకా విప్పలేదు. ఎడమచేతితో పులిహోర పొట్లం విప్పి ఇద్దరికీ పంచింది. తెల్లవారేసరికి రైలు నల్లరేగడి చేల నడుమ పోతున్నది. స్టేషను బయట ఆటోవాడు “ఎటు పోవాలె?” అని తెలుగులోనే అడిగినాడు. ఆమె ముఖంలో అప్పుడు కనిపించిన వెలుగు పెండ్లిపందిరిలో కూడా కనిపించలేదు.

అక్క ఇల్లు రెండు గదులు. మరమగ్గాల కూలి ఒక్కటే ఇంటికి చాలక, అక్కడి తెలుగు ఆడవారిలో ఎందరో బీడీలు చుడతారు. పెండ్లి తెల్లవారి మధ్యాహ్నం, ఇంకా పందిరి ఆకులు వాడకముందే, అక్క చేట ఒడిలో పెట్టుకొని కూర్చున్నది. వారానికి అప్పజెప్పవలసిన లెక్క వెనుకబడినదట. చెల్లెలు ఆమె పక్కన చేరి, వేళ్ల వంక కాసేపు చూసి, తునికాకు కోయడానికి ఎడమచేతితో కత్తెర అందుకోబోయింది. అక్క ఆ చేతి మీద చిన్నగా కొట్టి, “ఊకో చెల్లె, పెండ్లికి వచ్చినవు” అన్నది.

“నువ్వు పెండ్లి చేసినవు. నువ్వు ఊకున్నవా?” అన్నది చెల్లెలు.

ఇద్దరూ నవ్వుకొన్నారు. అక్క కత్తెరను తన వెనుకకు జరుపుకొన్నది. వాకిట్లో భర్త ఫోను మోగింది. కొత్త పడుగుకు నూలు వచ్చిందనీ, అతికే మనిషి గురువారం మాత్రమే ఖాళీగా ఉన్నాడనీ కొడుకు చెబుతున్నాడు. ఆయన లోపలికి తొంగి చూసినాడు. చేటకు అటూ ఇటూ కూర్చున్న అక్కాచెల్లెళ్లు తల్లి సంగతి ఏదో చెప్పుకొంటున్నారు. ఆయన మళ్లీ ఫోను చెవి దగ్గర పెట్టుకొని, “ఆయనకు శనివారం రమ్మని చెప్పు. కాదంటే పై వారం” అన్నాడు.